అడగండి చెబుతాం: చైనావాళ్ళు గొప్పా, నైజీరియావాళ్ళు గొప్పా?

ఈసారి వలసల మీద ఉత్తరాలు ఎక్కువొచ్చాయి. అన్నీ ఒకదానికొకటి ముడిపడినవే కాబట్టి ఒకేచోట పెట్టేశాను.

ప్రశ్న: మా పెద్దబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు. పక్కింటివాళ్ళది నైజీరియా, ఆయన ఫార్మసిస్టు, ఆవిడ నర్సు. ఆఫీసులో మావాడి మేనేజరు చైనా ఆయన. సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడికీ వాడి చిన్నాన్నకీ పెద్ద వాదన. చైనావాళ్ళు పొదుపరులు, ఎక్కడికెళ్ళినా పైకొస్తారు, నైజీరియావాళ్ళంటే మోసాలూ మత్తుమందులే అని మా మరిది. కాదు, అమెరికాలో బాగా చదువుకున్నవాళ్ళంటే నైజీరియావాళ్ళే అని మావాడు. భోగినాడు మొదలైంది కనుమ దాకా నడిచింది. ఎవరిది నిజమండీ?
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన అంకె నిజమే, దాన్లోంచి లాగిన అర్థమే తేడా. మీ మరిదిగారి మాటలో అయితే అంకె కూడా లేదు.

ముందు అంకె చూద్దాం. నైజీరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పెద్దవాళ్ళలో నూటికి 60 మందికి అటూఇటూగా డిగ్రీ గానీ అంతకు మించిన చదువు గానీ ఉంది. అమెరికా మొత్తం సగటు అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. చైనా మూలాలవాళ్ళలో కూడా సగం మందికి పైనే డిగ్రీలున్నాయి. ఆదాయానికొస్తే చైనా కుటుంబాలు దేశ సగటు కంటే పైన ఉంటాయి, నైజీరియా కుటుంబాలు సగటుకు దగ్గర్లో తిరుగుతుంటాయి. ఇది చూసి మీవాడు ఆ జాతే చదువుల జాతి అనుకున్నాడు, మీ మరిది ఈ జాతే పొదుపు జాతి అనుకున్నారు. ఇద్దరూ మనుషుల్ని చూశారు గానీ వాళ్ళు ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చారో చూడలేదు.

నైజీరియా సంగతే తీసుకోండి. 1970లలో చమురు డబ్బు పొంగింది, స్కాలర్‌షిప్పుల మీద పిల్లలు అమెరికా, బ్రిటన్ చదువులకి వెళ్ళారు. 1980లలో చమురు ధర పడింది, 1986లో ఆర్థిక సర్దుబాటు కార్యక్రమం పెట్టాక వాళ్ళ కరెన్సీ నైరా విలువ కుప్పకూలింది, ప్రొఫెసరు జీతం చేతికొచ్చేసరికి చిల్లర డబ్బులైపోయింది. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు, ఉన్న డాక్టర్లు, నర్సులు బయల్దేరారు. అమెరికా 1990లో చేసిన చట్టంతో వచ్చిన లాటరీ వీసా వీళ్ళకి బాగా కలిసొచ్చింది, దానికి కూడా కనీసం ఇంటర్ స్థాయి చదువో, నేర్చిన పనిలో అనుభవమో ఉండాలి. ఆపైన సముద్రం దాటడానికి టికెట్ డబ్బులు. అంటే హ్యూస్టన్ చేరినవాళ్ళు చేట పట్టి చెరిగిన బియ్యం లాంటివాళ్ళు. నైజీరియా మొత్తం మీద చూస్తే డిగ్రీ చదివినవాళ్ళ వాటా దీనికంటే చాలా తక్కువ.

చైనావాళ్ళది వేరే కథ, ఇంకా పాతది. 1850ల నాటికే గ్వాంగ్‌డాంగ్ పల్లెల నుంచి కాలిఫోర్నియా బంగారు గనులకి వచ్చారు. విదేశీ గనికార్మికుల పన్ను వేసి అక్కడ నిలవనివ్వలేదు. కొండలు తొలిచి రైలు మార్గం వేశారు, అది 1869లో పూర్తయింది. 1882లో చైనా కూలీలు రాకూడదని చట్టమే చేశారు. 1943లో దాన్ని ఎత్తేసి ఏడాదికి ఎంతమందిని రానిస్తామన్నారో తెలుసా? 105 మందిని. అసలు తలుపు తీసింది 1965 వలస చట్టం. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో ఇంజనీర్లు, సైంటిస్టులు, పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఒక వరస. చైనాలోని ఫూజియాన్ రాష్ట్రం నుంచి లక్షలు అప్పు చేసి దొంగ ఓడల్లో వచ్చి హోటళ్ళలో గిన్నెలు తోమినవాళ్ళు ఇంకో వరస. 1993లో గోల్డెన్ వెంచర్ అనే ఓడ న్యూయార్క్ ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది, అందులో 286 మంది, ఈదబోయి 10 మంది చనిపోయారు. సగటు తీస్తే సిలికాన్ వ్యాలీ మేనేజరూ ఈ గిన్నెల మనిషీ ఒకే అంకెలోకి వచ్చేస్తారు. చైనా వాళ్ళలో పేదరికం రేటు దేశ సగటుకు దగ్గరగా ఉండడం అందుకే, పైకి ఎవరికీ కనపడదు.

మోసాల మాట. 1906 భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కోలో జనన రికార్డులు తగలబడిపోయాయి. దాంతో చైనావాళ్ళు చాలామంది మేం ఇక్కడే పుట్టామని రాయించుకుని, లేని కొడుకుల్ని కాగితం మీద పుట్టించి, ఆ పేరు మీద ఊళ్ళో కుర్రాళ్ళని పిలిపించుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర, వచ్చినవాళ్ళని ఆపి విచారించే ఏంజెల్ ఐలాండ్ దీవిలో అధికారులు ఆ కుర్రాళ్ళని కూర్చోబెట్టి మీ ఇంటి గుమ్మానికి ఎన్ని మెట్లు, బియ్యం డబ్బా ఏ మూల ఉంటుంది, పక్కింటాయన పేరేంటి అని రోజుల తరబడి అడిగేవాళ్ళు. వీళ్ళేమో ఓడలో జవాబులు బట్టీపట్టి, దిగేముందు ఆ కాగితాలు సముద్రంలో పారేసేవాళ్ళు. మరి మీ మరిది పొదుపరులన్నది ఈ చైనావాళ్ళ మనవలనే! తలుపు మూస్తే దొడ్డిదారి వెతకడానికి జాతి తేడా లేదు. హైదరాబాద్‌లో నైజీరియా విద్యార్థికి అద్దెకి ఇల్లు ఇవ్వకపోవడానికి టీవీలో చూసిన నాలుగు కేసులు చాలు మనకి.

ఇంకా నమ్మకం కలక్కపోతే ఇటలీ చూడమనండి. ఇవే రెండు దేశాలు, పూర్తిగా వేరే మనుషులు. 2016లో పడవల మీద ఇటలీ తీరం చేరినవాళ్ళు లక్షా 80 వేల పైచిలుకు, వాళ్ళలో అందరికంటే ఎక్కువమంది నైజీరియావాళ్ళే, 37 వేల పైన. సహారా దాటి, లిబియాలో దెబ్బలు తిని వచ్చినవాళ్ళు. వాళ్ళ దగ్గర పీహెచ్‌డీలు ఎక్కడివి? చైనావాళ్ళు అక్కడ వెన్‌జౌ ప్రాంతం నుంచి వచ్చి ప్రాటో ఊళ్ళో బట్టల వర్క్‌షాపులు నడుపుతారు, చదువు తక్కువ, పని ఎక్కువ. హ్యూస్టన్ నైజీరియా ఆయన్ని ఇటలీ వాళ్ళకి చూపిస్తే నమ్మరు.

మనకి తెలియనిదా ఇది? మా తాత రంగూన్ రేవులో బస్తాలు మోశాడు. ఆయన రేకుపెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది, మూత మీద బర్మా అక్షరాలు సగం చెరిగిపోయి. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనేవాళ్ళు, కోరంగీ అంటే కూలీ, చెట్టియార్ అంటే అప్పులిచ్చేవాడు. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టారు, సమ్మె ఆగి మనవాళ్ళు తిరిగి వచ్చేసరికి కొట్లాటలై చాలామంది ప్రాణాలు పోయాయి. ఆ రోజున రంగూన్‌లో ఎవరినైనా అడిగితే తెలుగు జాతి బరువులు మోసే జాతి అని చెప్పి ఉండేవాడు. ఇప్పుడు డాలస్‌లో అడిగితే సాఫ్ట్‌వేర్ జాతి అంటాడు. మీ అబ్బాయికి ఈ ముక్క చెప్పండి, వచ్చే పండక్కి చిన్నాన్న దగ్గర పనికొస్తుంది.

ప్రశ్న: చదువులో నైజీరియావాళ్ళు చైనావాళ్ళకి సమానంగా ఉంటే జీతాల్లో ఎందుకు వెనకబడతారు? రంగే కారణమా?
— డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: రంగు ఒక కారణం, అది దాచాల్సిన పని లేదు. ఉద్యోగ దరఖాస్తు మీద పేరు చూసి పక్కన పెట్టడం, కారు ఆపి లైసెన్స్ అడగడం, ఇవి లాగోస్‌లో పుట్టిన డాక్టరుకీ తప్పవు. అక్కడ ఉన్నప్పుడు ఆయన నల్లవాడు కాదు, యోరుబావాడో ఇబోవాడో, అంటే అక్కడి పెద్ద తెగల్లో ఒకదానివాడు. విమానం దిగిన రోజు నుంచే నల్లవాడయ్యాడు.

కానీ అదొక్కటే కాదు. చైనా చదువరులు ఎక్కువగా ఇంజనీరింగ్, కంప్యూటర్ల వైపు వెళ్ళారు. నైజీరియావాళ్ళలో నర్సింగ్, ఫార్మసీ, సామాజిక సేవ లాంటి వాటిల్లో చాలామంది. ఇవి మంచి ఉద్యోగాలే, కానీ జీతం ఒకచోటికి వచ్చి ఆగిపోతుంది. పైగా సొంత ఊరి డిగ్రీకి అక్కడ విలువ కట్టరు, లైసెన్స్ పరీక్ష మళ్ళీ రాయాలి, అది పాసయ్యేదాకా టాక్సీ నడిపే అకౌంటెంట్లూ ఉంటారు. సంపాదించిందాంట్లో కొంత ఇంటికి పోతుంది, ఏడాదికి దాదాపు 2,000 కోట్ల డాలర్లు బయటి నుంచి నైజీరియాకి వెళుతున్నాయి. తమ్ముడి ఫీజు, అమ్మ ఆసుపత్రి, చెల్లి పెళ్ళి. జీతం సమానంగా ఉన్నా సొంతిల్లు ఆలస్యమవుతుంది, మనకి తెలిసిన లెక్కే.

బ్రిటన్‌లో అయితే చైనా మూలాల ఉద్యోగుల సగటు గంట జీతం తెల్ల బ్రిటిష్ వాళ్ళకంటే 30 శాతం దాకా ఎక్కువని 2018 ప్రభుత్వ లెక్క. నైజీరియావాళ్ళకి విడిగా లెక్క అరుదు, బ్లాక్ ఆఫ్రికన్ అనే పద్దులో సోమాలియా శరణార్థితో కలిపేస్తారు. శ్రీకాకుళం, బెంగళూరు కలిపి సగటు తీసినట్టు!

అయితే చైనావాళ్ళు హాయిగా ఉన్నారనుకోకు. మేనేజరు దాకా వెళతారు, ఆ పైమెట్టు దగ్గర ఆగిపోతారు. 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్ అనే చైనా మూలాల కుర్రాణ్ణి, పెళ్ళికి ముందు స్నేహితులతో సరదాగా బయటికెళ్ళిన రాత్రి, ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టారు. అప్పట్లో జపాన్ కార్ల వల్ల తమ ఉద్యోగాలు పోతున్నాయని అక్కడి కోపం. అతను జపాన్ వాడు కాదన్నది వాళ్ళకి పట్టలేదు. కుర్రాడు చనిపోయాడు. కోర్టు వాళ్ళకి వేసింది 3,000 డాలర్ల చొప్పున జరిమానా, ప్రొబేషన్. జైలు లేదు. 2020లో కరోనా రాగానే మళ్ళీ అదే చూపు. అదే ఏడాది చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆఫ్రికా వాళ్ళని, వాళ్ళలో నైజీరియా వ్యాపారులే ఎక్కువ, ఇళ్ళలోంచి రోడ్డు మీదకి గెంటారు. ఇక్కడ దెబ్బ తిన్నవాడు అక్కడ దెబ్బ కొట్టడు అని నియమమేం లేదు.

ప్రశ్న: మా అమ్మ ఇరవై ఏళ్ళుగా చీటీలు కడుతోంది. బ్యాంకులు అప్పివ్వని రోజుల్లో ఈ చైనావాళ్ళు, నైజీరియావాళ్ళు వ్యాపారాలు ఎలా పెట్టారు? వాళ్ళకీ చీటీ ఉందా?
— ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ఈ ప్రశ్నకి మీకు టీ ఇప్పించాలి. ఉంది తల్లీ, అచ్చంగా ఉంది. చైనావాళ్ళు దాన్ని హుయ్ అంటారు, మనలాగే కొన్నిచోట్ల పాట పాడతారు, ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే ఆ నెల మొత్తం వాళ్ళకి. యోరుబావాళ్ళు ఎసుసు అంటారు, అజో అని కూడా అంటారు. పాట లేదు, వంతులే. బానిసలుగా ఓడలెక్కించినప్పుడు ఆ మాట కూడా వాళ్ళతో పాటు కరీబియన్ దీవులకి వెళ్ళి అక్కడ సుసు అయ్యింది.

పూచీకత్తు ఏమీ ఉండదు, పరువే పూచీ. పరువు ఎంత గట్టిదో చెప్పలేం అనుకోండి, పదేళ్ళ కిందట మా వీధిలో చీటీల ఆవిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసింది, నావి 40 వేలు పోయాయి. పొద్దున్నే వెళితే వాకిట్లో ముగ్గు కూడా వేసే ఉంది.

ఇబోవాళ్ళ దగ్గర ఇంకో పద్ధతి ఉంది, నాకు భలే నచ్చుతుంది. కుర్రాణ్ణి ఒక వ్యాపారి దగ్గర అయిదారేళ్ళు పెడతారు, ఆయన్ని ఓగా అంటారు. జీతం ఉండదు, తిండీ పడకా ఆయనవే. గడువయ్యాక ఆ ఓగా పెట్టుబడి డబ్బో సరుకో ఇచ్చి సొంత కొట్టు పెట్టిస్తాడు. నైజీరియా నుంచి విడిపోవాలని ఇబోవాళ్ళు చేసి ఓడిన బయాఫ్రా యుద్ధం 1970లో ముగిశాక, బ్యాంకులో ఎంత దాచుకున్నా సరే ఒక్కొక్కరికి 20 పౌన్లే ఇస్తామంది ప్రభుత్వం. ఆ 20 పౌన్లతో ఇబోవాళ్ళు మళ్ళీ బజార్లు కట్టారంటే ఈ పద్ధతి వల్లే. గ్వాంగ్‌జౌ దాకా వెళ్ళి బట్టలూ ఫోన్లూ కంటైనర్లలో లాగోస్‌కి పంపేది కూడా ఎక్కువగా వీళ్ళే. ఓగా ఆఖరి రోజున మొండిచెయ్యి చూపించిన కథలూ బోలెడు.

సొంతవాళ్ళ సాయం అన్నది రెండు వైపులా పదునే. ప్రాటోలో వెన్‌జౌ యజమాని బంధువులకి అప్పిచ్చి రప్పిస్తాడు, ఆ అప్పు తీరేదాకా కుట్టుమిషను పక్కనే పడుకోబెడతాడు. 2013 డిసెంబరులో అలాంటి ఒక వర్క్‌షాపు తగలబడి ఏడుగురు కాలిపోయారు. కిటికీలకి ఊచలున్నాయి.

ప్రశ్న: మా తమ్ముడు వెల్డరు. ఇటలీలో ఉద్యోగం, మూడు లక్షలు కట్టమంటున్నాడు ఏజెంటు. ముందు విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చట. పంపమంటారా?
— ఒక పాఠకుడు, కవిటి

జవాబు: వద్దు బాబూ. విజిట్ వీసా అన్నాడంటే ఉద్యోగం లేదని అర్థం. ఉద్దానం నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు ఎన్నో దేశాలు వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు, పోవద్దని నేననను, కానీ వాళ్ళు వర్క్ వీసా మీద వెళ్ళారు. లిబియా మీదుగా బయల్దేరిన నైజీరియా కుర్రాళ్ళకీ మొదట చెప్పింది ఉద్యోగమే. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద రిజిస్టరై ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడండి. రిజిస్టరైనవాడు తీసుకోగలిగింది 30 వేలు, దానిమీద జీఎస్టీ, రసీదుతో. మూడు లక్షలు అడిగాడంటే మిగతా లెక్క మీరే వేసుకోండి. పాస్‌పోర్టు ఇప్పటికే ఆయన బీరువాలో పెట్టుకున్నాడా? అయితే ఈ జవాబు చదవగానే ముందు వెళ్ళి అది వెనక్కి తెచ్చుకోండి, డబ్బు సంగతి తర్వాత మాట్లాడొచ్చు.