పుస్తకాల మాట ఎవరితో చెప్పుకోను?

ప్రశ్న: నేను విశాఖపట్నం మహారాణిపేటలో పుట్టి పెరిగాను. ఉద్యోగరీత్యా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. చిన్నప్పటి నుంచి నాకు తెలుగు కథలూ నవలలూ, వాటిలోనూ రావిశాస్త్రి, చాసో వంటి మన ప్రాంతపు రచయితలవే ఇష్టం. ఆఫీసులో భోజనాల వేళ అందరూ తాము చదువుతున్న పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. నన్ను అడిగితే మాత్రం, ఆ పేర్లు వాళ్లకేం తెలుస్తాయిలే అనిపించి, పెద్దగా చదవనని చెప్పి తప్పించుకుంటాను. ఇక్కడి తెలుగువాళ్ల సంక్రాంతి కలయికకు వెళితే వీసాలు, ఊళ్లో స్థలాల ధరలు, కొత్త సినిమాలు తప్ప వేరే మాట ఉండదు. ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడి, ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటాను. నా అభిరుచే నన్ను మనుషులకు దూరం చేస్తోందా? చదివేవి మార్చుకోమంటారా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: మార్చుకోవద్దమ్మా. మీ ఇబ్బందికి మూలం అభిరుచిలో లేదని మీ ఉత్తరం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. విశాఖలో ఉన్నప్పుడు మీ చుట్టూ అవే పుస్తకాలు చదివిన వాళ్లు ఒకరిద్దరైనా ఉండేవారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఏ సాహిత్య సభకు వెళ్లినా రావిశాస్త్రి పేరెత్తితే చాలు, మిగిలిన మాట ఎదుటివారే అందుకుంటారు. సగం మాటతో సరిపోయే చోట పెరిగిన వాళ్లకు కథను మొదటి నుంచి చెప్పవలసిన అవసరం రాదు, ఆ అలవాటూ అబ్బదు. స్టుట్‌గార్ట్‌లో మీకు కొరవడినది అదే. అది నేర్చుకుంటే వచ్చేదే.

సహోద్యోగి అడిగినప్పుడు రచయిత పేరుతో మొదలుపెట్టకండి, మనిషితో మొదలుపెట్టండి. రావిశాస్త్రి నవల ‘అల్పజీవి’నే తీసుకోండి. సుబ్బయ్య అని ఒక చిరుద్యోగి ఉన్నాడు, ఇంట్లోనూ ఆఫీసులోనూ తనకంటే గట్టిగా మాట్లాడే ప్రతివాడికీ భయపడతాడు, పైకి అనలేని మాటలన్నీ లోపల అనుకుంటూ ఉంటాడు, ఆ లోపలి మాటలే నవలంతా అని చెప్పి చూడండి. ఎదుటివారు వెంటనే కాఫ్కా పేరెత్తినా ఆశ్చర్యం లేదు. ప్రేగ్‌లో న్యాయశాస్త్రం చదివి, బీమా కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ జర్మన్‌లో రాసిన రచయిత ఆయన. మన రావిశాస్త్రి (1922–1993) విశాఖ కోర్టుల్లో ప్లీడరీ చేస్తూ రాశారు. చట్టం ముందు నోరు పెగలని మనుషులను ఇద్దరూ దగ్గర నుంచి చూశారు. ఇంత చెప్పుకున్నాక అనువాదం దొరకదన్న బెంగ మీకు గానీ వారికి గానీ పెద్ద అడ్డంకి కాదు. ‘పెద్దగా చదవను’ అన్న మాట మాత్రం ఇక ఎవరితోనూ అనకండి. ఇన్నేళ్లు ప్రేమగా చదివిన మనిషి ఆ మాట అనడం నాకు నిజంగా కష్టంగా ఉంది.

చెప్పడంతో పాటు అడగడమూ ఉండాలి. మీ ఊరి పక్కనే, డిట్జింగెన్‌లో, రెక్లామ్ ప్రచురణ సంస్థ ఉంది. 1867లో లైప్జిగ్‌లో మొదలైన వాళ్ల చౌక పుస్తకమాల ఇప్పటికీ వస్తోంది. జేబులో పట్టే ఆ పసుపుపచ్చ అట్టల చిన్న పుస్తకాలు అక్కడ బడిలో చదవని వాళ్లు అరుదు. బడిలో ఏది చదివారో, ఏది బలవంతాన చదివారో, ఏది మనసుకు పట్టిందో ఒక్కొక్కరినీ అడగండి. పాఠ్యపుస్తకం మీద కోపం, దానిలోనే ఒక పేజీ మీద ఇష్టం మన పిల్లలకు లాగే వాళ్లకూ ఉంటాయి గనుక మాట దానంతట అదే సాగుతుంది. వాళ్లు చెప్పినదాన్ని కొని, మీకు వచ్చిన జర్మన్‌తోనే నెమ్మదిగా చదవండి. మీ తెలుగు అభిరుచికి అది పోటీ కాదు, తోడు.

ఇక సంక్రాంతి కలయిక. ఇక్కడ మీతో కొంచెం విభేదిస్తాను. స్థలాల ధరలు, అప్పులు, కాగితాల తిప్పలు సాహిత్యానికి దూరపు విషయాలని మీరు అనుకుంటున్నట్టుంది. మీకిష్టమైన రచయితలు రాసినది వాటి గురించే కదా! కోర్టు మెట్లూ, సారా దుకాణాలూ, పోలీసులూ రావిశాస్త్రి కథలకు ప్రాణం. డబ్బు మనుషుల మధ్యకు వచ్చి ఏం చేస్తుందో చాసో కథల్లో చదివిన మీరు, మధురవాడలో తండ్రి కొన్న స్థలం ఇప్పుడెంత పలుకుతోందని ఆరా తీసే కుర్రవాడి గొంతులో ధర ఒక్కటే వింటున్నారంటే, చెవి కాస్త ఆ వైపు తిప్పాలి. ఆ స్థలం అమ్మితే తిరిగి వెళ్లడానికి ఊళ్లో ఏం మిగులుతుందన్న దిగులు ఆ ప్రశ్న వెనుక ఉండవచ్చు. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు, అప్పుడు అక్కడ ఏముండేది అని మీరు అడిగితే అతనే కథ చెబుతాడు. పదిమందిలో మాట్లాడటం కష్టమైతే, మీలాగే పక్కకు నిలబడిన ఒక్కరి దగ్గరకు వెళ్లండి. ఏ కలయికలోనైనా అలాంటివారు ఒకరుంటారు. అందరితో కలివిడిగా ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

మరొకటి కూడా చేయవచ్చు. వచ్చే కలయికలో భోజనాలకు ముందు పదిహేను నిమిషాలు అడిగి, గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ చదివించండి. రాత్రి పొద్దుపోయాక ఇంటికి వచ్చి తలుపు కొట్టే గోపాలరావుగా ఒకరు, నౌకరు రాముడిగా ఒకరు, మిగతా కథనానికి మీరు సరిపోతారు. రాముడి మాటలకు ఉత్తరాంధ్ర యాస వచ్చినవారినే పెట్టండి, శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. కాగితం చేతిలో ఉంటుంది గనుక ఏం మాట్లాడాలన్న తడబాటు మీకుండదు. కథ అయ్యాక మీరు ఎవరి దగ్గరకూ వెళ్లనక్కరలేదు, వాళ్లే వస్తారు. మరో కథ ఉందా అని ఎవరైనా అడిగితే ఇవ్వడానికి, చాసో కథల పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి.