గిన్నె ముందుకొచ్చాక ఆలస్యం చేయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే విషయం, రామెన్, అంటే వేడి సూపులో వేసిచ్చే జపాన్ నూడుల్స్. విశాఖ కుర్రాళ్ల నోట ఆ మాట ఎక్కువైంది, ఇళ్లలో పెద్దవాళ్లకి సందేహాలూ ఎక్కువయ్యాయి. అందుకే ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అబ్బాయికి మధురవాడలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో నన్నూ, వాళ్ల నాన్ననూ, మా అత్తగారినీ ఒక చిన్న జపనీస్ రామెన్ షాపుకి తీసుకెళ్తానంటున్నాడు. ఎనిమిది స్టూళ్లే ఉంటాయట, వండేవాళ్ల ఎదురుగా కూర్చుని తినాలట. మా ఆయన చేప, చికెన్ తింటారు, పంది మాంసం ముట్టరు. నేను గుడ్డు వరకూ తింటాను, అత్తయ్యగారు అదీ తినరు. వాడి సరదా కాదనలేను, కానీ అక్కడ కూర్చుని ఇందులో ఏం వేశారు, అందులో ఏం వేశారు అని అడిగితే వాడికి నామోషీగా ఉంటుందేమోనని టెన్షన్. పుల్లలతో (చాప్‌స్టిక్స్‌తో) తినడం మాలో ఎవరికీ రాదు.
— ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి, నిర్మొహమాటంగా అడగండి కూడా. అలాంటి చోట వండే మనిషి మీకు చేయి చాపితే అందేంత దూరంలో ఉంటాడు. మధ్యలో సర్వర్ లేడు, మేనేజర్ లేడు, అడగడానికి అంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది!

కాకపోతే ఏం అడగాలో తెలిసి అడగాలి. "ఇది వెజ్జేనా" అంటే చాలాసార్లు పైన పేర్చే ముక్కల గురించే జవాబొస్తుంది. రామెన్‌లో మాంసం కంటికి కనపడకుండా ఉండే చోట్లు మూడున్నాయి. మొదటిది సూపు. జపాన్‌లో ఎక్కువగా పంది ఎముకలో, కోడి ఎముకలో, రెండూ కలిపో గంటల తరబడి మరిగించి తీస్తారు. మన దేశంలో చికెన్‌తో తీసేవాళ్లూ ఉన్నారు గానీ ఊహించుకుని కూర్చోకూడదు. రెండోది గిన్నె అడుగున ముందే పోసిపెట్టే ఉప్పటి చిక్కటి సాస్. దాన్ని తారే అంటారు, సోయా సాస్‌తోనో, ఉప్పుతోనో, మీసో అనే పులియబెట్టిన సోయా ముద్దతోనో చేస్తారు, గిన్నెకి ఉప్పూ రుచీ ఇచ్చేది అదే. అందులో కత్సుఒబుషి అని, పొగబెట్టి రాయిలా ఎండబెట్టిన ట్యూనా జాతి చేప తరుగు వేయడం అక్కడ చాలా మామూలు. మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యం కూడా పడొచ్చు, మీ ఇంట్లో దానికీ పట్టింపు ఉంటే అదీ అడగండి. మూడోది చివర్లో పైన పోసే నూనె, అది కోడి కొవ్వో పంది కొవ్వో కరిగించి తీసినది కావచ్చు. అందుకని మీ ప్రశ్న ఇలా ఉండాలి: సూపు దేనితో తీశారు, అడుగున వేసే సాస్‌లో చేప ఉందా, పైన పోసేది ఏ నూనె?

మీసో రామెన్ అంటే సోయా గింజలు పులియబెట్టిన ముద్దే కదా, శాకాహారమే అనుకుని ఆర్డర్ ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ముద్ద శాకాహారమే, దాన్ని కలిపే సూపు మాత్రం చాలా చోట్ల ఎముకలదే.

మీవారికి చికెన్ సూపు హాయిగా సరిపోతుంది, పైన పంది ముక్క బదులు చికెన్ వేయమంటే చాలు. మీకూ అత్తయ్యగారికీ కావాల్సింది కొంబు అనే ఎండు సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టి తీసిన సూపు. దీన్ని చప్పటి నీళ్లలా ఉంటుందేమో అనుకోకండి. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొంబు నుంచే గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థాన్ని విడదీసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఎండు పుట్టగొడుగు తోడైతే ఆ రుచి ఇంకా పెరుగుతుంది. నూడుల్స్‌లో గుడ్డు కలిపారేమో కూడా కనుక్కోండి, కొందరు కలుపుతారు. ఇవన్నీ ముందురోజే, మధ్యాహ్నం రద్దీ తగ్గాక మీ అబ్బాయి చేత ఫోన్ చేయించండి. విడిగా శాకాహార సూపు లేదంటే మాత్రం మీరూ అత్తయ్యగారూ ఆ పూట వెళ్లకండి. వాళ్లిద్దరూ తింటుంటే మీరిద్దరూ మంచినీళ్లు తాగుతూ, వీపుకి ఆనుకోవడానికి ఏమీ లేని ఎత్తు స్టూలు మీద కూర్చోవడం బాగుండదు. మీ ఇద్దరికీ నచ్చే చోటుకి ఇంకోరోజు ప్రత్యేకంగా తీసుకెళ్లమనండి.

పుల్లల గురించి అస్సలు దిగులొద్దు. ఫోర్క్ అడగండి, ఇస్తారు. ప్రయత్నించాలనిపిస్తే కింది పుల్ల కదలకుండా బొటనవేలి మొదట్లో బిగించి, పై పుల్లని మాత్రం పెన్ను పట్టుకున్నట్టు పట్టి కదపండి. ఒకేసారి బోలెడు లాగకుండా నాలుగైదు పోగులే తీసుకుంటే జారవు. రెండో చేతిలో లోతైన చెంచా పట్టుకుని దాని మీద ఆనించి నోటికి తీసుకోవచ్చు. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చి వదలడం, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి తిండి అందించడం జపాన్ వాళ్లు చేయరు, రెండూ అక్కడ చావు కర్మల్లో చేసే పనులు. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. కూర్చున్నాక ఫోన్లు పక్కన పెట్టి వండే చేతుల వైపు చూడండి. ముందు ఖాళీ గిన్నెని వేడి చేస్తారు, అడుగున తారే పోస్తారు, పైన సూపు పోస్తారు. ఈలోగా లోతైన జల్లెడ గరిటెలో నూడుల్స్ ఉడుకుతుంటాయి. దాన్ని పైకెత్తి ఫట్ ఫట్‌మని విదిలించి నీళ్లన్నీ దులిపేస్తారు, ఆ నీళ్లు సూపులో పడితే రుచి పలచబడుతుంది కాబట్టి. తర్వాత నూడుల్స్‌ని సూపులోకి జార్చి, పుల్లలతో ఒకసారి పైకి లేపి, మడత పెట్టినట్టు వరసగా పడుకోబెడతారు. పైన సగానికి కోసిన గుడ్డు, పచ్చసొన ఇంకా జారుడుగా తేనె రంగులో ఉంటుంది. పక్కన ఉల్లికాడలు, ఒక నాచు అట్ట, పులియబెట్టిన వెదురు కొమ్ములు. నూనె చుక్కలు సూపు మీద బంగారు రంగులో గుండ్రంగా తేలుతుంటాయి. అది మీ ముందు పెట్టిన క్షణం నుంచే నూడుల్స్ సూపుని పీల్చుకుని మెత్తబడిపోతుంటాయి. పెనం మీంచి దిగిన పెసరట్టుని ఎలా తింటామో దీన్నీ అలాగే తినాలి. అందరి గిన్నెలూ వచ్చేదాకా ఆగొద్దు, ఎవరిది వస్తే వాళ్లు మొదలుపెట్టేయండి. పెద్దవాళ్ల కంటే ముందు తినడమేంటని మీ అబ్బాయి ఆగితే మీరే తినమని చెప్పండి.

ప్రశ్న: మేడమ్, ఇరవై రూపాయల నూడుల్స్ ప్యాకెట్‌లో గుడ్డు కొట్టి వేసుకుంటే ఇంచుమించు ఇదే కదా. ఒక్క గిన్నెకి నాలుగైదు వందలు పెట్టడం న్యాయమేనా?
— ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఇంచుమించు కూడా కాదు బాబూ. నీ ప్యాకెట్‌ని తక్కువ చేయడం లేదు, దానికి గొప్ప చరిత్రే ఉంది. 1958లో మోమోఫుకు ఆండో జపాన్‌లో మొదటి ఇన్‌స్టంట్ రామెన్ అమ్మకానికి తెచ్చాడు. ఉడికించిన నూడుల్స్‌ని నూనెలో వేయించి తేమ తీసేయడం ఆయన పట్టుకున్న కిటుకు. అప్పుడు దాని ధర 35 యెన్లు. అదే రోజుల్లో అంగట్లో ఊడాన్ అనే లావుపాటి గోధుమ నూడుల్స్ తాజావి ఒక ముద్ద ఆరు యెన్లకే దొరికేది. అంటే ఇప్పుడు నువ్వు చవక అనుకునే సరుకే మొదట్లో ఖరీదైన వస్తువు! కప్పులో వచ్చే రకం 1971లో వచ్చింది.

కౌంటర్ దగ్గర నువ్వు డబ్బిచ్చేది చాలావరకు సూపుకి. తెల్లగా పాలలా కనిపించే టోన్‌కోట్సు సూపులో పాల చుక్క ఉండదు. పంది ఎముకల్ని పెద్ద మంట మీద గంటల కొద్దీ తెర్లబెడితే వాటిలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ జెలటిన్ అనే జిగురుగా మారి, కొవ్వుని సన్నటి తుంపరలుగా విడగొట్టి నీళ్లలో కలిపి ఉంచుతుంది, ఆ తెలుపు దానిదే. అదే ఎముకల్ని సన్న సెగ మీద కదలకుండా ఉంచితే సూపు తేటగా వస్తుంది. గ్యాసు, మనిషి కాపలా, ఎముకలు, అన్నీ ఖర్చే. నూడుల్స్‌లో గోధుమ పిండి, ఉప్పుతో పాటు కాన్‌సుయ్ అని సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ కలిసిన క్షారం వేస్తారు, ఆ పసుపు ఛాయా, పంటికి తగిలే బిగువూ దానివల్లే వస్తాయి. పైగా ఎనిమిది స్టూళ్ల మీదే అద్దె గిట్టాలి.

నెలాఖరులో మాత్రం వద్దు. ఆ డబ్బుతో మెస్ బిల్లు కట్టుకో. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడో, సెమిస్టర్ అయిపోయినప్పుడో వెళ్లు.

ప్రశ్న: కంపెనీ ట్రైనింగ్ మీద జపాన్‌లోని ఫుకువోకా వెళ్తున్నాను. నాకు తిండి దగ్గర పట్టింపుల్లేవు. భాష రాదు. అక్కడ రామెన్ షాపులో ఎలా మసలుకోవాలి?
— గాజువాక

జవాబు: మంచి ఊరికే వెళ్తున్నారు. టోన్‌కోట్సు రామెన్‌కి పేరుపడ్డ హకాటా ఆ ఊళ్లోదే. చాలా షాపుల్లో గుమ్మం దగ్గరే టికెట్ మెషీన్ ఉంటుంది. డబ్బులు వేసి బటన్ నొక్కి, వచ్చిన చీటీ కౌంటర్ మీద పెడితే సరి. భాష రాకపోతే ఎడమవైపు పైన ఉన్న బటన్ నొక్కండి, సాధారణంగా ఆ షాపు ముఖ్యమైన రామెన్ అక్కడే పెడతారు. హకాటా నూడుల్స్ సన్నగా ఉంటాయి, నిమిషం లోపే ఉడుకుతాయి, ఎంత బిగువుగా కావాలో మిమ్మల్నే అడుగుతారు. "కాటా" అంటే గట్టిగా, "ఫుత్సు" అంటే మామూలుగా, "యావా" అంటే మెత్తగా. మొదటిసారి ఫుత్సు చెప్పండి. సన్న నూడుల్స్ త్వరగా నానిపోతాయని గిన్నెలో తక్కువ వేస్తారు, అయ్యాక "కాయెదామా" అంటే కొద్దిపాటి డబ్బుకి ఇంకో విడత నూడుల్స్ మీ గిన్నెలోనే వేస్తారు. అందుకే మొదటి విడతలో సూపంతా తాగేయకండి! కౌంటర్ మీద ఎర్రటి అల్లం ఊరగాయ, నువ్వులు, కారంగా ఉండే ఆవాకు పచ్చడి ఉంటాయి. సగం తిన్నాక కలుపుకోండి, ముందు సూపు రుచి చూడాలి కదా. టిప్పు ఇవ్వరు, ఇవ్వొద్దు. తిన్నాక గిన్నెని ఎదురుగా ఉన్న ఎత్తు గట్టు మీద పెట్టి, "గోచిసోసమా" (భోజనానికి కృతజ్ఞతలు) అని లేచి రండి. సాయంత్రం పూట వీధిలో యతాయి అనే బళ్లుంటాయి, వాటి దగ్గర కూడా ఒకసారి కూర్చోండి.

ప్రశ్న: తినేటప్పుడు చప్పుడు చేయకూడదని మా ఇంట్లో నేర్పారు. అక్కడ జుర్రుకుని తినాలంటారు, నిజమా?
— సీతమ్మధార

జవాబు: జపాన్‌లో నూడుల్స్ జుర్రడం తప్పు కాదు. వేడి నూడుల్స్‌తో పాటు గాలి లోపలికి వెళ్తే నోరు కాలదు, వాసన కూడా బాగా అందుతుంది. కానీ జుర్రి తీరాలనే నియమమేమీ లేదు. మీకు ఎలా అలవాటైతే అలాగే తినండి.

ప్రశ్న: నాకు బీపీ ఉంది. రామెన్ తినొచ్చా?
— అక్కయ్యపాలెం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ముందు మీ డాక్టర్ని అడగండి సార్. పెద్దవాళ్లకి రోజుకి ఐదు గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, సూపుతో సహా ఒక గిన్నె రామెన్‌లోనే అంత ఉప్పు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందులో పెద్ద వాటా సూపుదే. డాక్టర్ సరేనంటే తారే తక్కువ వేయమని చెప్పండి, నూడుల్స్, ముక్కలు తిని సూపు వదిలేయండి. వదిలేస్తే ఎవరూ తప్పుగా అనుకోరు.

ప్రశ్న: పార్సిల్ తెచ్చుకోవచ్చా? ఇంకోటి, పది మంది ఫ్రెండ్స్‌మి బర్త్‌డేకి వెళ్దామనుకుంటున్నాం.
— ఎన్ఏడీ జంక్షన్

జవాబు: సూపు వేరుగా, నూడుల్స్ వేరుగా కట్టిస్తేనే పార్సిల్ తెచ్చుకోండి. ఇంటికొచ్చాక సూపు బాగా మరిగించి, నూడుల్స్‌ని వేడినీళ్లలో ముంచి తీసి అప్పుడు కలపండి. కలిపి కట్టింది ఎన్ఏడీ దాకా ట్రాఫిక్‌లో వస్తే ముద్దయిపోతుంది.

పది మందితో మాత్రం వద్దు. ఎనిమిది స్టూళ్ల షాపులో మీరే మొత్తం నిండిపోతారు, ఇద్దరు నిలబడాలి, బయట లైన్‌లో ఉన్నవాళ్లు మీ ఫోటోలు అయ్యేదాకా ఆగాలి. అలాంటి చోట మనిషికి ఇరవై నిమిషాలు, తిని లేచి స్టూలు ఇంకొకరికి ఇవ్వడం అందరికీ మంచిది. ఇద్దరిద్దరుగా వేరే రోజుల్లో వెళ్లండి. బర్త్‌డేకి పెద్ద టేబుళ్లున్న హోటల్ చూసుకోండి.