పీజీ అక్క నీళ్ల పుస్తకంతో మొదలుపెట్టు

బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రణాళిక తీరిగ్గా చదివాను. బెంగళూరు నగరమంతటికీ నీళ్ల ట్యాంకర్లు బుక్ చేసుకునే యాప్, అందులో మ్యాపు, యూపీఐ చెల్లింపు, డ్రైవర్లకు విడిగా మరో యాప్, ఆండ్రాయిడ్‌కూ ఐఫోనుకూ ఒకేసారి విడుదల. ఇదంతా ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్స్ పనిముట్లతో, ఉద్యోగ ప్రయత్నాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా చేస్తానన్నావు. పేరు పెట్టేశావు, లోగో కూడా గీయించావు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మీ అమ్మ ఈపాటికే అనే ఉంటుంది కాబట్టి నేను మళ్లీ అనను. ఎంచుకున్న సమస్య మాత్రం గట్టిది. 2024 వేసవిలో ఈ ఊళ్లో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం జనం పడిన పాట్లు చూసినవారెవరూ దాన్ని తేలిగ్గా తీసుకోరు. నా అభ్యంతరమల్లా పని పరిమాణం మీదే. నగరమంతటికీ అని మొదలుపెట్టినది ఎవరికీ అందకుండా మధ్యలో ఆగిపోతుంది. ఒక్క మనిషికి రేపు పొద్దున పనికొచ్చేలా చేసినది పూర్తవుతుంది. నువ్వు నేర్చుకోవలసినదంతా ఆ పూర్తి చేయడంలోనే ఉంది.

ఆ ఒక్క మనిషి నీ కళ్ల ముందే ఉంది. మారతహళ్లిలో నువ్వుండే పీజీని (పేయింగ్ గెస్ట్ హాస్టలును) నడిపే నెల్లూరు అక్క ట్యాంకర్ల లెక్క ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుందని నువ్వే చెప్పావు. ఒక సాయంత్రం ఆవిడకు తీరిక చూసుకుని, గడిచిన వేసవి పేజీలు అడిగి తీసుకుని చదువు. గీతల మధ్య తేదీ, లోడు, డబ్బు, సంతకం ఉంటాయి. వాటిని ఎవరైనా ఊహించగలరు. నువ్వు చూడవలసినవి అంచుల్లో ఇరికించి రాసినవి. మా అపార్ట్‌మెంటు పుస్తకంలో అలాంటివి కొల్లలుగా ఉన్నాయి: ‘సంపు నిండలేదు’, ‘చిల్లర బాకీ’, ‘రాత్రి వచ్చాడు, వాచ్‌మన్ ఇచ్చాడు’, ‘రెండో లోడు పక్క బిల్డింగుకు’. గీతల మధ్య పట్టే సమాచారానికి పుస్తకమే చాలు, దానికి నీ ప్రోగ్రాము అక్కర్లేదు. పట్టక అంచుకు పోయినదే నువ్వు రాయవలసిన ప్రోగ్రాము. నెలాఖరున ఎన్ని లోడ్లు వచ్చాయి, ట్యాంకరతనికి ఇంకా ఎంత ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు దొరికితే ఆవిడకు అదే పదివేలు.

పనిముట్ల గురించి నువ్వు బోలెడు ప్రశ్నలు అడిగావు గానీ, వాటికి నా జవాబు పొట్టిది. ప్రోగ్రాము రాయడానికి పైథాన్ భాష, దాన్ని వెబ్ పేజీలుగా అందించడానికి ఫ్లాస్క్, లెక్కలు దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు, తెరకు మామూలు హెచ్‌టీఎంఎల్, అవసరమైన చోట కాస్త జావాస్క్రిప్ట్. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఎస్‌క్యూలైట్ మీద కాపీరైటు ఆంక్షలేవీ లేవు. డేటాబేసంతా ఒకే ఫైలు. సర్వరు విడిగా నడపనక్కర్లేదు. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ అది ఇప్పటికే ఉంది. ఒక పీజీ నీళ్ల లెక్క ఎన్నేళ్లు రాసినా దానికి భారం కాదు. నీకు జావాస్క్రిప్టే బాగా చేతనైతే దాన్ని సర్వరులో నడిపే నోడ్ మీద చేసుకో, పేచీ లేదు. ఏది మేలని వారాల తరబడి వీడియోలు చూస్తూ కూర్చోవడం మాత్రం నాకు నచ్చదు.

లెక్కలో ఎక్కువమంది కాలుజారే చోటు ధర. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధరలు కట్టినప్పుడు, 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు అని, దూరం అంతకు మించితే ఇంకొంత అని నిర్ణయించింది. అంటే ధర ట్యాంకరు పరిమాణాన్ని బట్టి, దూరాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారేది. దాన్ని కోడులో ఒక చోట అంకెగా రాసి పెట్టుకుని, లోడ్ల సంఖ్యతో హెచ్చవేసి బాకీ చూపించావనుకో, ధర మారిన రోజున పాత నెలల లెక్కలన్నీ తమంతట తామే మారి కూర్చుంటాయి. ప్రతి లోడు పక్కన ఆ రోజు ఒప్పుకున్న ధరను అలాగే భద్రపరచు; చెల్లించిన డబ్బును వేరే పట్టికలో రాయి, ఎందుకంటే నాలుగు లోడ్లకు కలిపి ఒకేసారి ఇవ్వడమే లోకరీతి. డబ్బును దశాంశాలతో కాకుండా పైసల్లో, పూర్ణాంకంగా దాచు. జావాస్క్రిప్టును 0.1, 0.2 కలపమని అడిగి చూడు, 0.30000000000000004 అంటుంది, అది దాని తప్పు కాదు, యంత్రం ద్విసంఖ్యామానంలో భిన్నాలను దాచుకునే తీరే అంత.

తేదీలోనూ ఇలాంటి చిక్కే ఒకటి ఉంది. వేసవిలో ట్యాంకర్లు తెల్లవారుజామున వస్తాయి. ఏప్రిల్ 1న ఉదయం 4 గంటలకు వాచ్‌మన్ లోడు నమోదు చేశాడనుకుందాం. జావాస్క్రిప్టులో చాలామంది అలవాటుగా వాడే టు ఐఎస్ఓ స్ట్రింగ్ అనే ఆదేశం ఆ క్షణాన్ని గ్రీనిచ్ కాలమానంలోకి మార్చి, మార్చి 31 రాత్రి 10.30 అని రాస్తుంది. అందులోంచి తేదీని మాత్రం కత్తిరించుకుంటే ఆ లోడు పోయిన నెల లెక్కలోకి పోతుంది, నెలాఖరున ట్యాంకరతనితో గొడవ తప్పదు. నువ్వు పగలు కూర్చుని పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నడూ బయటపడదు, ఎందుకంటే ఉదయం 5.30 దాటాక రెండు తేదీలూ ఒకటే. కాబట్టి క్షణాన్ని గ్రీనిచ్ లెక్కలోనే దాచినా, ‘ఏ రోజు లోడు’ అన్నదాన్ని భారత కాలమానం ప్రకారం విడిగా రాసుకో.

అక్క తెలుగులోనే చదువుకుంటుంది కాబట్టి తెర మీద మాటలు తెలుగులో ఉండాలి. లిపి విషయంలో కొన్ని సంగతులు పుస్తకాల్లో కనబడవు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘శ్రీ’ కంప్యూటరుకు నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పేరు పొడుగైందని కోడులో అక్షరాలు లెక్కపెట్టి కత్తిరిస్తే ఒత్తులూ గుణింతాలూ తెగి వికారంగా కనబడతాయి. కుదించే పని బ్రౌజరుకే వదిలెయ్. రెండోది, ‘వాచ్‌మన్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఒక ఫోనులో ఆ సంకేతంతో రాసిన పేరును మరో ఫోనులో అది లేకుండా వెతికితే దొరకదు. వెతకడానికి ముందు రెండు వైపులా దాన్ని తీసేసి పోల్చు. మూడోది, ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. బటన్ల అడుగున ఒత్తులు తెగిపోతాయి. నోటో శాన్స్ తెలుగు, మండలి వంటి ఖతులు (ఫాంట్లు) స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. వాటి ఫైళ్లను నీ ప్రాజెక్టులోనే పెట్టుకుంటే నెట్ మందగించినా తెర చెదరదు.

నీ ల్యాప్‌టాప్‌లో బాగానే కనబడుతోందని సంబరపడి ఊరుకోకు, ఆవిడ వాడే పాత ఫోనులోనే చూడు. పీజీ వైఫైలో చాలాచోట్ల ఒక పరికరానికి మరొకటి కనబడకుండా కట్టడి చేసి ఉంచుతారు, కాబట్టి ల్యాప్‌టాప్ చిరునామాను ఫోనులో కొట్టినా పేజీ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఫోనులో యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, కేబులుతో కలిపి, ఆండ్రాయిడ్ పనిముట్లలోని ఏడీబీ రివర్స్ ఆదేశంతో ఫోనులోని 5000 పోర్టును ల్యాప్‌టాప్‌లోని 5000 పోర్టుకు ముడిపెట్టు. ఫోను బ్రౌజరులో localhost:5000 (లోకల్‌హోస్ట్, పక్కన పోర్టు సంఖ్య) అని కొడితే నీ ప్రోగ్రామే వస్తుంది. దీనితో మరో లాభం కూడా ఉంది: నెట్ లేనప్పుడు కూడా పేజీ తెరిపించే సర్వీస్ వర్కర్ అనే ఏర్పాటు భద్రమైన (https) చిరునామాల్లో తప్ప నడవదు, లోకల్‌హోస్ట్‌కు మాత్రం ఆ నియమం నుంచి మినహాయింపు. ఇక తప్పులు వెతకడానికి వాడే ఫ్లాస్క్ డీబగ్ మోడ్‌ను నలుగురూ వాడే వైఫైలో అందరికీ తెరిచి ఉంచకు. అది నీ యంత్రంలో కోడు నడిపే తలుపు వంటిది.

యాప్ స్టోరులో పెట్టకపోతే అది యాప్ ఎలా అవుతుందని అడుగుతావని తెలుసు. ఆవిడకు కావలసింది ఫోను మొదటి తెర మీద ఒక గుర్తు, నొక్కితే తెరుచుకునే లెక్క. పేరూ గుర్తూ చెప్పే మానిఫెస్ట్ ఫైలు ఒకటి చేర్చిన వెబ్ పేజీని బ్రౌజరే అలా పెట్టుకోనిస్తుంది. ప్లే స్టోరుకు వెళ్లాలంటే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి, పైగా 2023 నవంబరు తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు కనీసం 12 మంది వరుసగా 14 రోజులు పరీక్షకులుగా ఉండాలన్న నిబంధన ఉంది. యాపిల్‌కు ఏటా 99 డాలర్లు, దాని మీద ఒక మ్యాక్ కంప్యూటరు. ఎస్‌ఎంఎస్ చదవడం, తెర ఆపినా వెనక నడవడం వంటి అవసరాలు నిజంగా వచ్చిన రోజున, యాప్‌లు కట్టే ఫ్లట్టర్ నేర్చుకో. అప్పుడు కూడా 8 జీబీ ల్యాప్‌టాప్ మీద ఎమ్యులేటరు (ఉత్తుత్తి ఫోను) నడిపించి ఉసూరుమనకుండా అసలు ఫోనునే కేబులుతో కలుపుకో.

ఎవరో రాసి పెట్టిన కోడు మూటలను, అంటే ప్యాకేజీలను, తెచ్చుకోవడంలో పీనాసితనమే మేలు. 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత వెనక్కి తీసుకోగానే, దాని మీద ఆధారపడినవి ప్రపంచమంతటా బిల్డు కాకుండా, అంటే ప్రోగ్రాముగా తయారు కాకుండా, ఆగిపోయాయి. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీలో దొంగదారి బయటపడింది. దూరపు సర్వరులోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు ఆరా తీయబట్టి దొరికింది గానీ, లేకపోతే ఎంత దూరం పోయేదో. నీకు కావలసినది పదిహేను వరుసల్లో అయిపోయేదైతే స్వయంగా రాసుకో. తెచ్చుకున్నవాటి వెర్షన్లను ఫైలులో రాసి బిగించు. ఏఐ రాసిచ్చిన కోడుకూ నాది ఇదే మాట: వరుస వరుసకూ అర్థం చెప్పగలిగితే ఉంచు, లేకపోతే తీసెయ్. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే.

కోడులో ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌ను మొదటి రోజు నుంచే వాడు. పాస్‌వర్డు పొరపాటున అందులో కమిట్ అయితే, అంటే నమోదైతే, తరువాత చెరిపినా చరిత్రలో అలాగే ఉంటుంది. చెరపడంతో సరిపెట్టుకోకుండా పాస్‌వర్డునే మార్చాలి. కోడును అందరికీ కనబడేలా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. లైసెన్సు ఫైలు లేకపోతే ఇతరులకు దాన్ని వాడుకునే హక్కే ఉండదు. ఇంత చిన్నదానికి ఎంఐటీ లైసెన్సు చాలు. అసలు డేటా మాత్రం అందులోకి రానివ్వకు. డ్రైవర్ల ఫోను నంబర్లు నీ సొత్తు కావు.

దీన్ని ఎక్కడ నడపాలన్న దానిలో జాగ్రత్తపడు. కొన్ని ఉచిత హోస్టింగ్ సేవల్లో యంత్రం మళ్లీ మొదలైనప్పుడల్లా డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది, దానితోపాటే నీ డేటాబేసు ఫైలు కూడా. ఫైళ్లు నిలిచి ఉండే చిన్న సర్వరు నెలకు కొద్ది వందలకే దొరుకుతుంది. చిరునామాను భద్రం చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే గానీ గడువు కొన్ని నెలల్లోనే తీరుతుంది, దాని పునరుద్ధరణ తనంతట తానే జరిగేలా చూడు. కాపీలు తీసేటప్పుడు, ప్రోగ్రాము నడుస్తుండగా డేటాబేసు ఫైలును ఊరికే కాపీ కొట్టకు. ఇటీవలి మార్పులు పక్కనున్న మరో ఫైలులో ఉండిపోవచ్చు. ఎస్‌క్యూలైట్‌లో బ్యాకప్ ఆదేశం ఉన్నది అందుకే. తీసిన కాపీని వేరే యంత్రంలో తెరిచి, పోయిన నెల బాకీ సరిగ్గా వస్తోందో లేదో చూశాకే దాన్ని నమ్ము. అంతవరకూ ఆవిడను పుస్తకంలోనూ రాస్తూనే ఉండమను.

ఎక్కడైనా చిక్కుకుంటే అడగడానికి ఈ ఊరికి మించినది లేదు. పైథాన్ వాళ్ల సదస్సు పైకాన్ ఇండియా మొట్టమొదట 2009లో జరిగింది ఇక్కడే. ఇక్కడి పైథాన్ బృందం బ్యాంగ్‌పైపర్స్ వాళ్ల సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే ఫాస్ యునైటెడ్ వాళ్లు ఇండియాఫాస్ సదస్సు జరిపేదీ ఇక్కడే. అయితే ‘నా ప్రోగ్రాము పనిచేయడం లేదు’ అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏం చేశావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది, ఏ వెర్షన్లు, తప్పు మళ్లీ రప్పించడానికి కావలసిన అతి చిన్న కోడు, ఇవన్నీ రాసి అడుగు. సగం సందర్భాల్లో ఆ చిన్న కోడు తయారుచేస్తుండగానే తప్పు నీకే దొరుకుతుంది. దొరకని మిగతా సగం నాకు పంపించు, ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య