అమ్మబోయే ఇంటికి నేల రంగు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నేలకు అనుకుంటున్న రంగులని నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. ఒకటి బూడిద రంగు, ఒకటి ముదురు వాల్‌నట్, ఒకటి తేనె రంగు ఓక్. వినైల్ ప్లాంకులే, అంటే చెక్కలా కనిపించే ఆ ప్లాస్టిక్ పలకలే, వేయించాలని మీరిద్దరూ నిశ్చయించుకున్నారు కాబట్టి టైల్స్ మంచివా, ఇవి మంచివా అనే చర్చ మళ్లీ తేను. అయిదారేళ్లలో ఈ మియాపూర్ ఫ్లాటు అమ్మేసి పెద్దదానికి మారతామన్నావు చూడు, ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కూకట్‌పల్లిలో మా ఫ్లాటు అమ్మినప్పటి సంగతి నీకు పూర్తిగా తెలియదు. అమ్మకానికి పెట్టడానికి మూడేళ్ల ముందు హాలులోనూ పడకగదుల్లోనూ ముదురు కాఫీ రంగు ప్లాంకులు వేయించాను. షోరూములో పైనుంచి పడే దీపాల వెలుగులో ఆ రంగు ఎంతో హుందాగా కనిపించింది. మన ఇంట్లో పరిచేసరికి హాలు కుంచించుకుపోయినట్టయింది. పడమటి బాల్కనీ కావడంతో మూడు గంటలకల్లా ఎండ ఏటవాలుగా నేల మీద పడేది. అప్పుడే తుడిచిన చోట కూడా దుమ్ము పలచగా మెరిసేది. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి భార్యాభర్తలు ఇల్లు చూడటానికి వచ్చారు. ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచి, ఉత్త కాళ్లతో బాల్కనీ దాకా నడిచి వెనక్కి తిరిగింది. గుమ్మం నుంచి తను నిలబడ్డ చోటి వరకు, వేళ్లతో సహా, తన అడుగులన్నీ నేల మీద అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. ఆయన మాత్రం, ‘ఇంట్లో వెలుతురు కాస్త తక్కువేమో కదండీ’ అన్నారు. పడమటి ఎండంతా కళ్ల ముందే ఉంది! తరువాత వచ్చినవాళ్లలో మరో ఇద్దరు అదే మాట అన్నారు. చివరికి కొన్నవారు నేల మార్పించడానికి ఎంతవుతుందో లెక్క వేసి, అంత మేరా ధరలో తగ్గించమన్నారు. తగ్గించక తప్పలేదు.

అప్పుడు నాకు తెలిసిందేమిటంటే, నేల రంగు బాగుందని మన ఊళ్లో ఎవరూ అదనంగా ఒక లక్ష ఇవ్వరు. నచ్చకపోతే మాత్రం బేరం అక్కడే మొదలుపెడతారు. అందుకని వచ్చినవాళ్లను మురిపించే రంగు కోసం వెతకకు. వాళ్లు నేల సంగతి ఎత్తకుండా గదుల కొలతల్లోకి, గాలి వెలుతురుల్లోకి వెళ్లిపోయేలా ఉంటే చాలు.

హైదరాబాద్‌లో ఫ్లాట్లు చూస్తూ తిరిగేవారి కంటికి ఐవరీ రంగు విట్రిఫైడ్ టైల్స్ అలవాటై ఉంటాయి. పది ఇళ్లు చూస్తే ఎక్కువ వాటిలో అవే. ఆ కంటితో మన గుమ్మం దాటగానే ముదురు రంగు కనబడితే ఇల్లే చీకటిగా తోస్తుంది. అలాగని మరీ పాలరంగుకు పోవద్దు. దాని మీద ప్రతి వెంట్రుకా, ప్రతి కుంకుమ రవ్వా కనబడుతుంది. మీ చుట్టుపక్కల కట్టడాలు ఇంకా ఆగలేదు, ఆ దుమ్ము కిటికీలు మూసినా వస్తుంది. దుమ్మును దాచేది మధ్యస్థపు రంగే. అందులోనూ చెక్క గీతలు, అక్కడక్కడ లేత ముదురు తేడాలు ఉన్నది తీసుకో. మెరుపు ఉన్నదాని జోలికి వెళ్లకు, మ్యాట్ చాలు. పెట్టె విప్పించి పలకలన్నీ వరసగా పరిపించు. ఒకే కణుపు గుర్తు ప్రతి రెండో పలక మీదా వస్తుంటే, అంత నేల పరిచాక అది కాగితం మీద అచ్చువేసిన బొమ్మలా కనబడుతుంది.

ఇక మీ తలుపుల మాట. మీ ఇంట్లో ద్వారబంధాలు టేకువి, పాలిష్ చేసినవి. వాటిని మీరూ మార్చరు, కొనేవాళ్లూ మార్చరు. కాబట్టి నేల వాటితో కలవాలి. శాంపిల్ ముక్కను చేత్తో పట్టుకుని చూడటం మాని, ద్వారబంధం కాలి దగ్గర నేల మీద పడుకోబెట్టి చూడు. టేకులో పసుపు ఛాయ ఉంటుంది. దాని పక్కన నీలం తిరిగిన బూడిద రంగు పెడితే నేల సిమెంటులాగా, టేకు నారింజ రంగులాగా కనిపిస్తాయి. బూడిద రంగు కొన్నాళ్లుగా ఫ్యాషన్ అని నాకూ తెలుసు. అది వచ్చినంత త్వరగానే పాతబడుతుందని నా నమ్మకం. మీరు అమ్మే నాటికి ‘ఫలానా కాలంలో వేయించారు’ అని దాన్ని చూడగానే చెప్పేస్తారు. చెక్కకు సహజంగా ఉండే రంగుకు ఆ ఇబ్బంది తక్కువ.

వాల్‌నట్ మీద నీకు మనసుందని నీ మాటల్లోనే తెలిసింది. ఆ రంగులో టీపాయి చేయించుకో, టీవీ యూనిట్ చేయించుకో. ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకెళ్లవచ్చు.

శాంపిల్ అంటే అరచేయంత ముక్కతో సరిపెట్టుకోకుండా, రెండు నిండు పలకలు అడిగి తెచ్చుకో. ఉదయం, మూడు గంటల ఎండలో, రాత్రి మీ ఇంటి ఎల్‌ఈడీ దీపాల కింద చూడు. తెల్ల దీపం కింద చల్లగా ఉన్న రంగు పసుపు దీపం కింద ఎర్రబడుతుంది. తరువాత మీ బోరు నీళ్లతో తుడిచి ఆరనివ్వు. ఉప్పు నీటి తెల్ల మరకలు ఎంత కనబడుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఒక మూల చిటికెడు తడి పసుపు రాసి, గంట తరువాత కడిగి చూడు. పూజ గదిలో మాత్రం ఇప్పుడున్న టైల్స్ అలాగే ఉంచేయి, నూనె, పసుపు, దీపపు వేడి వినైల్‌కు పడవు. గుమ్మం దగ్గర రబ్బరు అడుగున్న పట్టా వేయకు. కొన్నాళ్లకు దాని కింద పసుపు మరక పడుతుంది, ఎంత రుద్దినా పోదు. నూలు పట్టా వేసుకో.

మిగతావి క్లుప్తంగా రాస్తాను. గదికో రంగు పెట్టకు, హాలు నుంచి పడకగదుల దాకా ఒకటే సాగితే ఇల్లు పెద్దగా ఉంటుంది. పలకలు పెద్ద కిటికీ వెలుగు వచ్చే దిక్కుగా సాగాలి. అరుగుదలను తట్టుకునే పై పొర 0.5 మిల్లీమీటర్లు ఉన్నది అడుగు. గమ్ముతో అతికించనివ్వకు, ఒకదానికొకటి బిగించే క్లిక్ రకం వేయించు. కింది టైల్స్ చెడవు, కొనేవాళ్లకు నచ్చకపోతే తీసేసుకోవచ్చని నువ్వు ధైర్యంగా చెప్పవచ్చు. నేల మందం పెరుగుతుంది కాబట్టి తలుపుల అడుగు ఎంత చెక్కాలో ముందే కొలిపించు. కొలతకు పది శాతం ఎక్కువ, అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకో. మిగిలిన పెట్టెను అటక మీద పడుకోబెట్టి, ఇల్లు అమ్మిన రోజు తాళాలతోపాటు వాళ్లకే ఇచ్చేయి.

బూడిద రంగు ముక్క షాపుకు తిరిగి ఇచ్చేయండి. తేనె రంగులోనే ఒక మెట్టు ముదురు షేడ్ ఉంటుంది, అది కూడా అడిగి రెండు పలకలు తెప్పించు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తాను, మూడు గంటల ఎండ వచ్చేదాకా ఉంటాను. అప్పటివరకు అడ్వాన్సు ఇవ్వవద్దని అల్లుడికి చెప్పు.

ఆశీస్సులతో,
నీ మేనత్త