తవుడు నూనె రిఫైనరీలో చేరిన మా చిన్నోడికి

చిన్నా,

రిఫైనరీలో షిఫ్టు చూసుకునే పని దొరికిందని మీ నాన్న చెప్పాడు, సంతోషం. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

ట్యాంకర్ రాగానే రంగు చూసి నూనె మంచిదో కాదో చెప్పేసేవాళ్లు అక్కడ బోలెడుమంది ఉంటారు. వాళ్లు చెప్పేది విను గానీ ల్యాబ్ కాగితం వచ్చేదాకా వాల్వు తిప్పకు. ధాన్యం మరపట్టిన గంట నుంచే తవుడులో ఉండే లైపేజ్ అనే ఎంజైము నూనెను విరగ్గొడుతూ ఎఫ్ఎఫ్ఏ, అంటే విడి కొవ్వు ఆమ్లాలను, పెంచుతూ పోతుంది, అందుకే మిర్యాలగూడ మిల్లులో నిన్న పడిన తవుడు నూనే, వానలో నాలుగు రోజులు లారీలో నిలిచిపోయిన తవుడు నూనే ఒకటి కావు.

అందరూ బద్ధకించేది గమ్స్, అంటే నూనెలోని జిగురు, తీసే దగ్గర, ఎందుకంటే అప్పటికి కంటికి ఏ తేడా కనపడదు. నూనెను 70-80 డిగ్రీలకు వేడిచేసి, వెయ్యికి ఒక వంతు లోపే ఫాస్ఫారిక్ యాసిడ్ కలిపి, కాసేపు ఆగి, ఆ తర్వాత రెండు మూడు శాతం వేడినీళ్లు పొయ్యాలి. నీళ్లు తాగిన గమ్స్ ఉబ్బి బరువెక్కితే గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ లాగేస్తుంది. ఉత్త నీళ్లకు లొంగని గమ్స్ కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడిపించడానికే యాసిడ్. ఆగాల్సిన ఆ కాసేపు ఆగకుండా నీళ్లు పోశావనుకో, అవి నూనెలోనే ఉండిపోతాయి. వాసన తీసే డియోడరైజర్‌కి పోయేలోగా గమ్స్‌తో ఉండే ఫాస్ఫరస్ 5 పీపీఎం (పది లక్షల్లో ఐదు వంతులు) లోపుకి దిగకపోతే అక్కడ 240 డిగ్రీల వేడికి నూనె నల్లబడుతుంది, ఆ రంగు ఇంకెంత ఎర్త్ (రంగు లాగే మట్టి) పోసినా వదలదు.

ఎఫ్ఎఫ్ఏని సబ్బు చేసి తీసేసే కాస్టిక్ సోడా మాత్రం లెక్క కట్టి పొయ్యి, చేతి వాటంగా కాదు. ఎఫ్ఎఫ్ఏ బరువును 0.142తో గుణించు. పది టన్నుల నూనెలో 6 శాతం అంటే 600 కిలోలు, దానికి 85 కిలోల కాస్టిక్, పైన కొంచెం అదనం. ‘సేఫ్ సైడు’ అని ఇంకా పోస్తే మంచి నూనె కూడా సబ్బయి సోప్‌స్టాక్ అనే సబ్బు మడ్డితో పోతుంది, దాంతోపాటు ఒరిజనాల్ అనే పదార్థం కూడా, తవుడు నూనెకి అంత పేరు దానివల్లే కదా! ఎఫ్ఎఫ్ఏ బాగా ఎక్కువున్న సరుకుకి చాలా చోట్ల కాస్టిక్ మానేసి ఎఫ్ఎఫ్ఏని ఆవిరితో వాక్యూమ్‌లో ఎగరగొట్టేది అందుకే. అయితే దానికి గమ్స్ ఇంకా శుభ్రంగా పోవాలి, తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వస్తాం.

నా సంగతి ఒకటి చెబుతా, నవ్వకు. కొత్తలో నైట్ షిఫ్టులో నూనెను నీళ్లతో కడిగే వాష్ ట్యాంకులో మిగిలిన సబ్బు త్వరగా పోతుందని స్టిర్రర్ ఫుల్ స్పీడులో పెట్టి టీకి వెళ్లాను. వచ్చి చూస్తే ట్యాంకు నిండా మజ్జిగలా చిక్కగా తెల్లగా ఉంది, నూనె ఏదో నీళ్లు ఏవో తెలియదు. ఉప్పునీళ్లు పోసి, వేడి పెట్టి, విడిపోయేసరికి రెండు రోజులు పట్టింది. మెల్లగా కలుపు.

నూనెలోని వ్యాక్స్ (మైనం) తీయడానికి కూడా అంతే, నూనెను తొందరపడి చల్లారిస్తే అది సన్నసన్న గింజలు కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. రంగు కోసం పేచీ పెట్టేవాళ్లు వస్తారు. తవుడు నూనె పొద్దుతిరుగుడు అంత తెల్లగా రాదని చెప్పు, వాళ్ల మాటకని ఎర్త్ పెంచుకుంటూ పోకు. ఎర్త్ పెంచిన కొద్దీ దాంతోపాటు నూనె కూడా పోతుంది. వాడేసిన ఎర్త్‌ని ఎండలో కుప్ప పొయ్యనీయకు, అందులో మిగిలిన నూనె గాలి తగిలి వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది.

మొదటి బ్యాచ్‌లో లాస్ (పోయిన నూనె) ఎంతొచ్చిందో రాత్రికి మెసేజ్ పెట్టు. ల్యాబ్ వాళ్ల అంచనా కాదు, తూకం వేసింది.

మీ చిన్నాయన