పాటల జాబులు

ప్రశ్న: గొప్ప ఆల్బమ్‌లని అందరూ చెప్పేవన్నీ జాబితా రాసుకుని రోజుకొకటి వింటున్నాను. నిన్న బీటిల్స్ వాళ్ల ‘సార్జంట్ పెప్పర్స్’ వంతు వచ్చింది. ఒళ్లు పులకరిస్తుందనుకుంటే ఆవలింతలొచ్చాయి. లోపం నా చెవిదేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నీ చెవికేం తల్లీ, నిక్షేపంగా ఉంది. రోజుకొకటనే లెక్కే నాకు నచ్చలేదు. 1967లో ఆ రికార్డు కొన్నవాడు పోసిన డబ్బు గిట్టుబాటయ్యేదాకా దాన్నే తిప్పితిప్పి అరగదీసుంటాడు. నువ్వు ఒక్కసారి విని, టిక్కు పెట్టి, మర్నాటిదానికి పరుగెడుతున్నావు. అలా వింటే బాలమురళి అయినా ఆవలింతే తెప్పిస్తారు.

అయినా నన్నడిగితే, ఆ ఆల్బమ్ అంతా ఒకే కథ అని చెప్పుకోవడం మరీ ఎక్కువ. ఉత్తుత్తి బ్యాండు ఒకటి కచేరీ చేస్తోందన్న వేషం మొదటి రెండు పాటల్లో ఉంటుంది, చివర్లో ఒకసారి మళ్లీ తొంగిచూస్తుంది, మధ్యలో దేని దారి దానిదే. నేను మాత్రం రికార్డు రెండో వైపు మొదటి పాట ‘వితిన్ యు వితౌట్ యు’ దగ్గర ఆగిపోతాను. మిగతా ముగ్గురినీ పక్కనబెట్టి, జార్జ్ హారిసన్ లండన్‌లో ఉన్న మన వాద్యకారుల్ని కూర్చోబెట్టుకుని చేసిన పాట. కమానుతో వాయించే దిల్‌రుబా అతని గొంతుకి నీడలా వెంటపడి వస్తుంది. కాస్త సంగీతం నేర్చుకున్న వాళ్లకి హరికాంభోజి రాగం ఛాయ ఇట్టే తెలిసిపోతుంది. అతను గొప్పగా పాడాడని అనను, భయంభయంగా పాడాడు. ఆ భయమే నాకు ముచ్చటేసింది.

ఇంకొక్క పని చెయ్యి. ఆఖరి పాట చివర నాలుగైదు కీబోర్డుల మీద ఒక్కసారే దిగిన స్వరం ముప్పావు నిమిషం దాకా మోగుతూ పోతుంది. రాత్రి ఫ్యాన్ ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దాని తోక దాకా విను. స్టూడియోలో ఎవరో కదిలితే కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా దొరుకుతుంది. అప్పటికీ నచ్చకపోతే వదిలెయ్. వాళ్లదే 1969 నాటి ‘అబీ రోడ్’ రెండో వైపు పెట్టుకో. నా ఓటు ఎప్పుడూ దానికే.

ప్రశ్న: ఘంటసాల సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. మా మావయ్య దగ్గర జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ఎల్పీ రికార్డు ఉంది. దాంతో కలిపి వాయిద్దామంటే మొదటి వైపు శ్రుతి కలవడం లేదు, రెండో వైపు బాగానే కలుస్తోంది. ప్లేయర్ పాడైందంటారా?
– విజయవాడ

జవాబు: ప్లేయర్ జోలికి వెళ్లకండి, రిపేరు ఖర్చు దండగ. తప్పు న్యూయార్క్‌లో జరిగింది, అదీ 1959లో. ఆ ఆల్బమ్‌ని రెండు విడతలుగా రికార్డు చేశారు. మార్చి 2న చేసిన మొదటి విడతలో టేపు మెషిన్ కాస్త నిదానంగా తిరిగింది. అలా పట్టుకున్న టేపుని మామూలు వేగంతో తిప్పితే ఏమవుతుంది? శ్రుతి పైకి పోతుంది. మొదటి వైపున్న మూడూ ఆ రోజువే. రెండో విడత ఏప్రిల్ 22న, దానికి ఈ తంటా లేదు. 1990లలో మళ్లీ విడుదల చేసినప్పుడు గానీ సరిచెయ్యలేదు. అన్నేళ్లపాటు లోకమంతా హెచ్చు శ్రుతిలోనే విని మెచ్చుకుంది! మీ చెవి మటుకు పట్టేసింది. మీ గురువుగారికి చెప్పండి, మార్కులేస్తారు.

ప్రశ్న: వరసగా కూర్చుని వినదగ్గ ఆల్బమ్‌లు తెలుగులో ఏమున్నాయి సార్? అన్నీ సినిమా పాటలేగా!
– బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: సినిమా పాటలైతే మాత్రం చిన్నచూపా? 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పాటలు సినిమా ఊసు లేకుండా విని చూడండి. సినిమాకి పేరిచ్చిన రాగంలో నడిచేది ‘ఓంకార నాదానుసంధానమౌ’. పేరులో శంకరుణ్ణి పెట్టుకున్న ‘శంకరా నాదశరీరాపరా’ మాత్రం మధ్యమావతి. కచేరీకి మంగళం పాడే రాగాన్ని ఉరుములూ మెరుపుల మధ్య మహాదేవన్ ఎలా పరుగులు తీయించారో చూడండి. ఇంతకంటే చెప్పను, దాని గురించి చెప్పనివాళ్లు లేరు.

అసలుసిసలు ఆల్బమ్ అంటే నాకు ఘంటసాల భగవద్గీతే. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆ రికార్డు బయటికొచ్చిందీ ఆ ఏడాదే. దానికి మనవాళ్లు పట్టించిన గతి ఏమిటో మీకూ తెలుసు. ఎవరైనా పోతే టెంటు కింద పెడతారు, వైకుంఠ రథం మీద మైకులో పెడతారు. మిగతా రోజుల్లో ఇంట్లో వినపడితే అపశకునం.

మా సత్యనారాయణపురం ఇంట్లో ఒక ఆదివారం పొద్దున కాస్త గట్టిగా పెట్టాను. ‘పార్థాయ ప్రతిబోధితాం’ అయిందో లేదో, ఎదురింటి పిన్నిగారు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో ప్రత్యక్షం. “ఏరా అబ్బాయ్, మీ నాన్నకెలా ఉంది?” అంది గొంతు తగ్గించి. నాన్న లోపల అల్లప్పచ్చడితో నాలుగో ఇడ్లీ మీదున్నారు. ఆయన “ఎవర్రా?” అని కేకేస్తే గానీ ఆవిడ ఊపిరి తీసుకోలేదు. తర్వాత మా ఆవిడ నాకు పెట్టిన చివాట్లు ఇక్కడ రాయను. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని విని పెరిగిన ఊరండీ ఇది! గీత వింటే మాత్రం జడుసుకుంటాం.

దీనివల్ల జరిగిన నష్టమేమిటంటే, తెలుగువాళ్లందరికీ మొదటి పది నిమిషాలు కంఠతా వచ్చు, ఆ తర్వాత ఏముందో తెలీదు. శవం లేవగానే పాటా ఆగిపోతుంది కదా. విశ్వరూపం దాకా విన్నవాళ్లెందరు? చావు గురించిన శ్లోకాలు అందులో కొన్నే. మిగతాదంతా బతికున్నవాడు ఏం చెయ్యాలన్న సంగతి. ‘పుష్పవిలాపం’లో మన గుంటూరు ఏసీ కాలేజీ మాస్టారు కరుణశ్రీ పద్యాలకి ఏడుపు గొంతు దాకా తెచ్చిన మనిషి, ఇక్కడ గొంతులోని సంగతుల మెలికలన్నీ దాచేసుకున్నారు. శ్లోకం పాడతారు, ఆగుతారు, తాత్పర్యం మాటల్లో చెబుతారు. పాట నుంచి మాటలోకి దిగే ఆ చోటు చూడండి, పక్కన చాప మీద కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టే ఉంటుంది. శ్లోకాలతోపాటు రాగాలూ మారుతుంటాయి గానీ, రాగం తెలిసిందన్న దర్పం ఎక్కడా కనిపించదు. ముక్కలుగా వింటే ఇది అందదు. పిన్నిగార్ల భయముంటే ఇయర్‌ఫోన్స్ ఎలాగూ ఉన్నాయి.

ప్రశ్న: ‘హౌ టు నేమ్ ఇట్’ వినొచ్చా?
– తెనాలి

జవాబు: తప్పకుండా. ఇళయరాజా 1986లో చేసి త్యాగరాజస్వామికీ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చారు. వయొలిన్లు అద్భుతం. ఒకటి రెండు చోట్ల పరీక్ష రాస్తున్నట్టుంటుంది, ఓర్చుకోండి.

ప్రశ్న: తాతగారి అటక మీద పెట్టెడు రికార్డులు దొరికాయి. బరువుగా ఉన్నాయి, 78 అని రాసుంది. బూజు పట్టాయి. స్పిరిట్‌తో తుడవొచ్చా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు, వద్దు! అవి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు, లక్కతో చేసినవి. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, పాటతో సహా పోతుంది. మెత్తటి పొడిగుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, నిలువుగా పెట్టండి. జారితే పింగాణీలా పగులుతాయి. అటక మీద నుంచి ముందు దించెయ్యండి, మన ఊళ్ల మే నెల ఎండకి వంకర తిరగని రికార్డు లేదు. ఎల్పీకి వాడే సూదితో వెయ్యకండి. వీటి గాడి వెడల్పు, వాటి సూది విడిగా అమ్ముతారు. అన్నట్టు, లేబుళ్ల మీద ఏమేం పేర్లున్నాయో మళ్లీ ఉత్తరం రాయండి. అవి రాయకుండా స్పిరిట్ సంగతి అడుగుతారేమిటండీ!