ఉద్యోగం చేసుకుంటూ సరదాకి డర్ట్ బైక్ నడపడం కుదురుతుందా? ఆ జీవితం ఎలా ఉంటుంది?

హైదరాబాద్‌లో ఉద్యోగమనీ, హీరో కంపెనీ మట్టిదారి బండి ఎక్స్‌పల్స్ కొన్నాననీ, కానీ తారు రోడ్డు దిగాలంటే భయంగా ఉందనీ రాశారు. ఖర్చెంత, దెబ్బలెన్ని, ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించాలి, రేసులకు వెళ్లొచ్చా అని కూడా అడిగారు. నేనూ ఇదే ఊళ్లో ఆఫీసు పని చేసుకుంటూ ఆదివారాలు మట్టిలో తిరిగేవాణ్ణే. రేసర్‌ని కాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

బయటివాళ్లకు ఇది గాల్లోకి ఎగిరే ఆటలా కనిపిస్తుంది. మా బతుకంతా చోటు వెతుక్కోవడంలోనే పోతుంది. బండి దొరుకుతుంది, డబ్బు ఎలాగోలా సర్దుకుంటాం, దెబ్బలు మానతాయి. ఎక్కడ నడపాలన్నది మాత్రం ప్రతి శనివారం రాత్రీ కొత్తగా మొదలయ్యే తలనొప్పి. హైదరాబాద్ చుట్టూ నేలంతా ఎవరో ఒకరిదే. పట్టా పొలం కాకపోతే రిజర్వు ఫారెస్టు, అదీ కాకపోతే చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), లేదంటే క్వారీ. క్వారీల్లో అంచులు ఎప్పుడు విరుగుతాయో తెలియదు, పైగా నీళ్లు నిండిన గుంతలు. అటు వెళ్లొద్దు.

అడవిలోకీ వెళ్లొద్దు. వికారాబాద్ వైపు అనంతగిరి గుట్టలు చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు, నిజమే. కానీ అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో చొరబడటం 1967 అటవీ చట్టం కింద నేరం. అమ్రాబాద్ లాంటి టైగర్ రిజర్వులో అయితే వన్యప్రాణి చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది. కేసు సంగతి అటుంచండి, వానాకాలంలో నెమళ్లు నేలమీదే గుడ్లు పెడతాయి. ఆ పొదల్లోంచి బండి తోలుకుంటూ పోయి వీడియో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మావాళ్లలో చాలామంది నేర్చుకున్నది వెంచర్లలో. ప్లాట్లన్నీ అమ్ముడుపోయి, ఒక్క ఇల్లూ కట్టని లేఅవుట్లు ఊరి చుట్టూ బోలెడున్నాయి. మొరం రోడ్లుంటాయి, ట్రాఫిక్ ఉండదు. వాచ్‌మన్‌తో మాట్లాడి, ఎవరితోనైనా ఫోను చేయించి అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అక్కడ శత్రువు హద్దురాయి. వానలు పడి గడ్డి మోకాలెత్తు పెరిగాక ఆ రాళ్లు కనబడవు, ముందు చక్రం తగిలిందంటే హ్యాండిల్ మీదుగా అవతల పడటమే. అందుకే కొత్త చోటికి వెళ్తే బండి స్టాండు వేసి, ముందు మొత్తం నడిచి చూస్తాం. బూట్లతో ఆ నడక విసుగే, అయినా తప్పదు.

రాళ్లకంటే నాకు తీగలంటే ఎక్కువ భయం. పందులు పంట తినకుండా రైతులు చేను చుట్టూ తీగ కడతారు. కొందరు చట్టానికి విరుద్ధమని తెలిసీ దానికి కరెంటు పెడతారు, మనుషులు పోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. పొద్దుటి ఎండ ఎదురుగా కొడుతున్నప్పుడు సన్నతీగ అసలు కనబడదు. చేల పక్క బండ్లబాటలో నేను రెండో గేరు దాటను. ఎవరైనా ఎదురైతే ఇంజను ఆపేస్తాను. ఒకసారి యాదాద్రి వైపు గొర్ల మందతో వస్తున్న పెద్దాయన కనబడితే బండి ఆపి, హెల్మెట్ తీసి నమస్తే పెట్టా. "గొర్లు బెదురుతయ్ బిడ్డా, మందంతా పోయినంక పో. అయినా గీ రాళ్లల్ల ఏమున్నదని తిరుగుతున్నరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ వాగు దాటే చోటు, దాని అవతల ఎవరూ సాగుచేయని బీడు ఆయనే చూపించాడు. ఇప్పటికీ మేం ఎక్కువగా వెళ్లేది అక్కడికే. ఆ బీడు యజమాని దగ్గరికి వెళ్లి అడిగి వచ్చాం కూడా.

ఇక మీ భయం. మట్టిలో భయం తగ్గాలంటే ముందు నిలబడటం రావాలి. ఫుట్‌పెగ్‌ల (కాళ్లు పెట్టుకునే కడ్డీల) మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును నొక్కిపట్టి, మోచేతులు బయటికి పెట్టి, చూపు దూరంగా పెట్టాలి. ముందు చక్రం కిందికి చూస్తే అక్కడే పడతారు. కొత్తవాళ్లు హ్యాండిల్‌ను ప్రాణంలా పట్టుకుంటారు, అరగంట తిరిగేలోపు ముంజేతులు బిగుసుకుపోయి క్లచ్చు నొక్కడానికి వేళ్లు రావు. పట్టంతా మోకాళ్లలో ఉండాలి, చేతులు వదులుగా ఉండాలి. వెంచర్‌లో ఒక ప్లాటంత జాగా చాలు, మనిషి నడిచే వేగంలో, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పడం సాధన చేయండి. ఫస్టు గేరు, ఒక వేలితో క్లచ్చు, కుడికాలితో వెనక బ్రేకు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, మనకు చెమటలు పడతాయి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోవడానికి పెద్ద పనితనం అక్కర్లేదు.

తర్వాత గుట్ట. ఎక్కుతూ మధ్యలో ఇంజను ఆగిపోతే అందరూ ముందు బ్రేకు పట్టుకుంటారు. బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది కాబట్టి ముందు చక్రం లాక్ అయినా బండి వెనక్కి జారుతూనే ఉంటుంది. చేయాల్సింది ఏంటంటే గేరులోనే ఉంచి క్లచ్చు వదిలేయండి. ఆగిపోయిన ఇంజనే వెనక చక్రాన్ని పట్టి ఉంచుతుంది. ఊపిరి తీసుకుని, బండిని గుట్ట పైవైపుకు మెల్లగా పడుకోబెట్టి, ముందు భాగాన్ని ఈడ్చి కిందికి తిప్పుకోండి. పల్లం వైపు పడేస్తే బండితోపాటు మీరూ దొర్లుతారు. ఇది చదివితే సరిపోదు, చిన్న మట్టిదిబ్బ మీద కావాలని ఇంజను ఆపేసి మళ్లీ మళ్లీ చేయాలి.

ఇసుక వేరే కథ. వాగులో బండి పాములా మెలికలు తిరుగుతుంది, తిరగనివ్వాలి. యాక్సిలరేటర్ తగ్గించగానే ముందు చక్రం కూరుకుపోతుంది. నల్లరేగడిలో మాత్రం వాన పడ్డాక దిగొద్దు. మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు, పుల్లతో గీకుతూ కూర్చోవాలి.

మీ బండి మంచి ఎంపికే. 2011లో అదే హీరో తెచ్చిన ఇంపల్స్ మనవాళ్లు పెద్దగా కొనక ఆగిపోయింది. 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాకే మాలాంటివాళ్లు ఇంతమంది తయారయ్యారు. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, నేలకూ బండి అడుగుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు, మొదలుపెట్టడానికి ఇది చాలు. బరువే దాని లోపం. నూటయాభై కిలోల పైచిలుకు బండిని ఎండలో పదే పదే లేపడమే అసలు అలసట. కవాసకి కేఎక్స్ 250 లాంటి మోటోక్రాస్ (మట్టి ట్రాకు రేసు) బండి దానికంటే నలభై కిలోలకు పైగా తేలిక. కానీ దానికి లక్షలకు లక్షలు పోయాలి, రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కించకూడదు, ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి.

మీ బండికి రెండు చిన్న పనులు చేయించండి. రోడ్డు మీద గాలి 25, 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే టైర్లను మట్టిలో 18 దాకా దించుతాను. ఇంకా దించితే పట్టు బాగానే ఉంటుంది గానీ రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకింద నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వచ్చేటప్పుడు గాలి నింపుకోవడానికి పంపు బ్యాగులో పెట్టుకోండి. రెండోది, బ్రేకు, క్లచ్చు లివర్ల బిగింపు బోల్టులను పూర్తిగా బిగించొద్దు. చేత్తో గట్టిగా తోస్తే తిరిగేంత వదులుండాలి. అప్పుడు బండి పడినా లివరు విరక్కుండా పక్కకు తిరుగుతుంది. మా మెకానిక్‌కు ఇది ఎన్నిసార్లు చెప్పినా సర్వీసు అయ్యాక బిగించే ఇస్తాడు పాపం, అలవాటు.

ఖర్చులో బండి తర్వాత పెద్ద పద్దు బూట్లు. అసలైన మోటోక్రాస్ బూట్లకు పదిహేను, పాతిక వేలు పోతాయి. అక్కడే పిసినారితనం చూపొద్దు. ట్రెక్కింగ్ బూట్లతో వచ్చి చీలమండ విరగ్గొట్టుకున్నవాళ్లను చూశాను. హెల్మెట్, గాగుల్స్, మోకాలి గార్డులు, ఛాతీకి ఆర్మర్, నీళ్ల బ్యాగు. బీమా కాగితం కూడా చదవండి. మామూలు మోటారు పాలసీ రేసింగు, స్పీడ్ టెస్టింగు లాంటివాటికి వర్తించదని అందులోనే రాసి ఉంటుంది.

దెబ్బల్లో తరచుగా వినేది కాలర్ బోన్, మణికట్టు. పడేటప్పుడు చెయ్యి చాపి ఆపుకోబోతే వచ్చేవే రెండూ. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. చాలా బీళ్లలో ఫోను సిగ్నల్ ఉండదు. విరిగే దెబ్బలు అరుదుగానే వస్తాయి. రోజూ ఉండేవి కమిలిన పిర్రలు, సోమవారం ఆఫీసు మెట్లు దిగేటప్పుడు పట్టేసే తొడలు. ముప్పై అయిదు దాటాక వారం మధ్యలో గుంజీలు తీయకపోతే ఆదివారం ఒళ్లు మాట వినదు.

ఇంట్లోవాళ్లను ఒప్పించడం నావల్ల కాలేదు, మీకేం చెప్పను? మా అమ్మకు ఇప్పటికీ ఇది డబ్బిచ్చి నడుం విరగ్గొట్టుకునే పనే. మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. ఒక్కడివే పోవద్దు, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండు, బండి కడిగిన ఎర్రనీళ్లు సెల్లార్‌లోకి రాకూడదు. మొదటి రెండూ పాటిస్తున్నాను. మూడోదానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో ఇంకా గొడవ నడుస్తూనే ఉంది. కడుగుడు అంటే మామూలుగా ఉండదు మరి. గంట నడిపితే గంట కడగాలి. చైను తుడిచి నూనె పెట్టాలి, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడాలి, స్పోకులు తట్టి వదులైనవి బిగించాలి. దుమ్ములో ముందుపోయే బండి వెనకాలే పోతే ఆ ఫిల్టరు గతి అధోగతే.

రేసుల సంగతికొస్తే, 2015లో సి.ఎస్. సంతోష్ ఎడారుల్లో రోజుల తరబడి సాగే డాకర్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు, 2024లో అదే ర్యాలీలో హరిత్ నోవా ర్యాలీ 2 అనే విభాగం గెలిచాడు. అవి వింటే ఉత్సాహం వస్తుంది. మనలాంటివాళ్లు దేశంలో మోటారు రేసులను నడిపించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకుని స్థానిక పోటీల్లో కొత్తవాళ్ల తరగతిలో దిగొచ్చు, కానీ అది రెండో ఏటి ముచ్చట. ముందు శిక్షణ తీసుకోండి. సంతోష్ పెట్టిన శిక్షణ కేంద్రం బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ కర్ణాటకలో కోలారు వైపు ఉంది.  బండి కూడా వాళ్లే ఇస్తారు కాబట్టి పడ్డా మన బండి అద్దాలు పగలవు.

వానలు వెనకబట్టాక, దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. మొదటి వారాల్లో మొరం తడిగా ఉంటుంది, దుమ్ము లేవదు. ఎండాకాలం తెల్లారి అయిదుకే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరాలి. ముందు బూట్లు కొనండి. మీరు ఏ వైపు ఉంటారో చెబితే ఆ పక్క వెంచర్లలో మాట వినే వాచ్‌మన్ ఎవరో కనుక్కుని చెబుతాను.